నాలుగో రౌండు

ఇన్‌స్పెక్టర్ కేసు తేల్చేశాడన్న సంగతి, అతను కుర్చీలో కూర్చున్న తీరు చూడగానే కత్తెరమ్మకు అర్థమైపోయింది. బుర్రకు పని ఉన్న మనిషి అలా కాళ్ళు బారచాపుకుని కూర్చోడు.

కత్తెరమ్మ అన్నది కోర్టు గుమాస్తాలు పెట్టిన పేరు. ఎదుటివాడి అబద్ధం సగంలో ఉండగానే కత్తిరించి పారేస్తుందని అలా పిలిచేవారు. ప్రైవేటు డిటెక్టివ్‌గా తల నెరిసిన ఆవిడకు ఆ పేరు బాగానే నచ్చింది. లోకంలో తను తప్ప మిగతావాళ్ళంతా అర బుర్రతో నెట్టుకొస్తున్నారని ఆవిడ గట్టి నమ్మకం. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఆ అరలోనూ సగం తగ్గించేది.

"రండి మేడం, మీకోసమే చూస్తున్నా. ఇక్కడో సంతకం పెట్టేస్తే సాయంత్రానికి మీ తమ్ముణ్ణి బెయిలు మీద తీసుకెళ్ళొచ్చు," అని అతను ఒక కాగితం ముందుకు తోశాడు.

"ఏమని రాశారు?"

"నిర్లక్ష్యం వల్ల ప్రాణనష్టం. టైర్లు మార్చేవాడు చూసుకోకుండా పాడైన టైరు ఎక్కించాడు, బండి బోల్తా పడింది, మనిషి పోయాడు. ఇందులో హంతకుడూ లేడు, మీరొచ్చి ఊడబొడిచేదీ లేదు."

రేకుల షెడ్డులో ఓ మూల, కానిస్టేబుల్ పక్కన, పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు ఆమె తమ్ముడు. మసిబారిన చేతులు రెండూ మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

"అక్కా, నువ్వు రావద్దని ఫోన్లో చెప్పాను కదా," అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో చిన్నోడా. నిన్ను మాట్లాడనిస్తే ఆ కాగితం మీద నువ్వే సంతకం పెట్టేసేలా ఉన్నావు."

అమ్మ పోయాక వాణ్ణి పెంచి పెద్ద చేసింది తనే. వాడికి చదువు అబ్బలేదు, లౌక్యం అసలే అబ్బలేదు. అబ్బింది ఒక్కటే, చేతిపని. వాడి టైర్ల షాపులో బిగించిన చక్రం ఊడిందన్న మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. ఇప్పుడు 'నిర్లక్ష్యం' అన్న ముద్ర పడితే ఆ షాపు గడప తొక్కే బండి ఉండదు. బెయిలు వచ్చినా బతుకు పోతుంది. ఆ మాట కాగితం మీదికి ఎక్కకుండా చూడాలన్నదే ఆమె పంతం.

పోయినాయన్ని మార్కుల మాస్టారు అనేవారు. జీపులకూ ట్రక్కులకూ వేసే టైర్లలో ఒక రకం ఉంది. రాళ్ళకీ బురదకీ తారురోడ్డుకీ అన్నిటికీ ఒకటే చాలని కంపెనీలు ఊదరగొడతాయి. అలాంటివాటిని ఒకే బండికి మార్చి మార్చి తగిలించి, నడిపి, వందకు మార్కులేసి పత్రికలో రాయడం మాస్టారి వృత్తి. ఆయన డెబ్బై వేస్తే జనం ఆ టైరు కోసం ఎగబడేవారు, నలభై వేస్తే అది గోడౌనులో బూజు పట్టేది. నల్లగా, గుండ్రంగా, గాలి కొడితే ఉబ్బే వస్తువు గురించి ఒక మనిషి జన్మంతా రాయడం, ఇంకా కొంతమంది దాన్ని చదవడం కత్తెరమ్మకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి. తమ్ముడి షాపులోకైనా ప్రారంభం రోజు తర్వాత ఆమె అడుగు పెట్టలేదు.

నిన్న ఈ మూతపడ్డ క్వారీలో మూడు కంపెనీల టైర్లకు పోటీ జరిగింది. పేరు చూసి మార్కులు వేశాడని ఎవరూ అనకుండా మాస్టారు కంపెనీల పేర్ల మీద నల్ల టేపు అంటించి, నాలుగు టైర్ల సెట్టు ఒకదానికి ఎర్రచుక్క, ఇంకోదానికి పసుపుచుక్క, మరోదానికి నీలిచుక్క పెట్టారు. మొదట ఎరుపు, తర్వాత పసుపు, చివర నీలం. వాటిని మార్చి బిగించే పని తమ్ముడిది. ప్రతి సెట్టుతోనూ బురదగుంట దాటి, రాళ్ళ వాలు ఎక్కి, తారుబాట మీద చక్కర్లు కొట్టారు. మూడు రౌండ్లూ ముగిశాక కంపెనీల మేనేజర్లు లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కాసేపటికి మాస్టారు ఒక్కరే బండి తీశారు. రాళ్ళ వాలు మీద, మలుపు దగ్గర, ముందు ఎడమ టైరు పేలింది. బండి పల్టీలు కొట్టుకుంటూ కిందికి వచ్చింది. ఆ బండికి ఉన్నవి ఎర్రచుక్క టైర్లు.

"పరీక్ష అయిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడుస్తూ. "ఇంటికెళ్ళడానికి మామూలు టైర్లు ఎక్కించాలి. మీవాడు ఎక్కించినవి ఏవి? పొద్దున్న రాళ్ళ మీద నలిగిన ఎర్రచుక్కవి. అడిగితే ఏమంటాడు?"

"మాస్టారే ఎక్కించమన్నారు," అన్నాడు తమ్ముడు నేల చూస్తూ.

"విన్నారా? ఆయనే చెప్పారట. వెళ్ళి ఆయన్నే అడిగొద్దామా?"

కత్తెరమ్మ షెడ్డు గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, గేటు ఎటుంది?"

"అటు."

"రాళ్ళ వాలు?"

"ఇటు."

"ఇంటికెళ్ళేవాడు ఇటెందుకు వెళ్ళాడు?"

"ఏదో ధ్యాసలో దారి తప్పి ఉంటాడు."

"ఏళ్ళ తరబడి ఇదే క్వారీలో బండి నడిపిన మనిషి గేటుకు దారి తప్పాడా? రోజూ స్టేషనుకు మీరు ఎవర్ని అడిగి వెళ్తున్నారు?"

కానిస్టేబుల్ దగ్గొచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు.

అంతలో మాస్టారి భార్య వచ్చింది. భర్త సంచీ, కళ్ళజోడు, గాలి చూసే గేజి తీసుకుపోవడానికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం వాచి ఉంది. కత్తెరమ్మ ఓదార్పు మాటల జోలికి పోలేదు. ఆ పని చేతకాదు కూడా.

"అమ్మా, ఒక్కటే అడుగుతాను. మీ ఆయన ఒక రకం, రెండో రకం, మూడో రకం చూశాక ఏం చేసేవారు?"

"టైర్ల సంగతి నాకేం తెలుసండీ."

"టైర్లు వదిలేయండి. ఇంట్లో."

ఆమె కళ్ళజోడు సంచీలో పెట్టింది. "ఇంట్లో అయితే ప్రాణం తీసేవారు. కాఫీపొడి మూడు రకాలు తెచ్చి వరసగా కలపమనేవారు. మూడూ తాగాక మళ్ళీ మొదటిది కలపమనేవారు. 'పొడిలో తేడా ఉందో, తాగీ తాగీ నా నాలుకే మొద్దుబారిందో తెలియాలంటే మొదటిది మళ్ళీ తాగాలి' అని. అద్దె ఇల్లు వెతికినా అంతే. మూడు చూశాక మళ్ళీ మొదటి ఇంటి మేడ ఎక్కించారు. నేను మెట్ల మీదే కూలబడ్డాను." ఆమె ముక్కు తుడుచుకుంది. "నన్నొక్కదాన్నే ఏ పోలికా పెట్టకుండా చేసుకున్నారు."

కత్తెరమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "విన్నారా? పొద్దున్నుంచి చక్రాలు తిరిగీ తిరిగీ ఆ బురద కలిసిపోయింది, రాళ్ళు కదిలిపోయాయి. నీలం వెనకబడితే తప్పు నీలానిదా, నేలదా? అది తేలాలంటే మొదటి సెట్టును మళ్ళీ నడపాలి. అది నాలుగో రౌండు. మావాడు పొరపాటు పడలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు."

తమ్ముడు మెల్లగా తలూపాడు. "రెండుసార్లూ ఒకేలా వస్తేనే మార్కులు అచ్చుకిచ్చేవారు. తేడా వస్తే ఆ రోజు పరీక్ష మొత్తం కొట్టేసేవారు. కంపెనీవాళ్ళకి ఇది చెప్పేవారు కాదు, కెలుకుతారని."

"ఈ ముక్క నిన్ననే చెప్పి చావొచ్చు కదరా!"

"ఎవరు విన్నారక్కా."

ఇన్‌స్పెక్టర్ మొహం గంటుపెట్టుకున్నాడు. "సరే, రెండోసారి ఎక్కించమన్నారనే అనుకుందాం. పేలింది కదా? రాయి కోసింది. కోసిన టైరును చూసుకోకుండా ఎక్కించాడు. అప్పుడూ నిర్లక్ష్యమే."

"టైరు చూశారా మీరు?"

"చూశాను. చిరిగింది."

"చిరిగిందట! డాక్టరు శవాన్ని చూసి 'పోయింది' అని రాస్తే ఊరుకుంటారా? ఇటు తెప్పించండి."

పేలిన టైరును ఇద్దరు కానిస్టేబుళ్ళు దొర్లించుకొచ్చారు. పైవైపు రాళ్ళ గీతలు తప్ప ఏమీ లేవు. నేలను పట్టే గుబ్బలు చెక్కుచెదరలేదు. చిరుగు మాత్రం చక్రం లోపలివైపు, ఇరుసు పక్కన ఉంది. కత్తెరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఆ చిరుగులో చెయ్యి పెట్టి రబ్బరును తిరగేసింది. అక్కడ, టైరు కడుపులో, చిరుగు మొదలైన చోట వేలెడు పొడవున నున్నటి గీత ఉంది. మిగతా చిరుగంతా ఎలుక కొరికినట్టుంటే ఈ గీత ఒక్కటీ స్కేలు పెట్టి గీసినట్టుంది.

"ఏ రాయి ఇది? టైరు లోపలికి దూరి, తిన్నగా కోసి, బయటికి వచ్చేసిన రాయి ఎక్కడుందో పట్టుకురండి, అరెస్టు చేద్దాం."

ఇన్‌స్పెక్టర్ లేచి వచ్చి వంగి చూశాడు. "బ్లేడు," అన్నాడు చివరికి.

"అమ్మయ్య. పలికారు."

"టైరు రిమ్ము మీదుంటే లోపల కొయ్యలేరు కదా?"

"రిమ్ము మీద లేదు. ఫోన్లో మావాడే చెప్పాడు, మాస్టారు నాలుగు రిమ్ములే వాడేవారట. రిమ్ము మారినా పోలిక చెడిపోతుందని ఆయన చాదస్తం. ఒక సెట్టు ఊడదీసి, ఆ రిమ్ములకే ఇంకో సెట్టు ఎక్కించాలి. పసుపు, నీలం తిరుగుతున్నంతసేపు ఈ ఎర్రవి ఇదే షెడ్డులో వట్టిగా పడున్నాయి. ఎవడైనా లోపలికి రావొచ్చు. మావాడు బయట వాలు దగ్గరున్నాడు. ఎవడొచ్చాడో నాకు తెలుసు, మీకు తెలీదు. పసుపు మేనేజర్ని పిలవండి."

పసుపుచుక్క కంపెనీ మేనేజరు నిన్న అందరితోపాటు వెళ్ళకుండా గెస్టురూములో ఫోను పట్టుకుని ఉండిపోయాడు. పొద్దున్నుంచి పోలీసుల చేతిలో ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వు నలిగిన మొహం. అతని టైర్లు నిన్న బురదలో పరువు తీశాయి. గుబ్బల సందుల్లో బురద పట్టేసి గుండుల్లా అయిపోయి, బండి గుంటలోనే ఊగుతూ ఉండిపోయింది. చివరికి తాడు కట్టి లాగాల్సి వచ్చింది. ఎరుపు రాళ్ళ మీద రాజాలా ఎక్కింది కానీ తారు మీద మోత మోగించింది. నీలం తారు మీద పిల్లిలా నడిచి, వాలు మీద నీరుగారింది. రెండింటికీ ఏదో ఒక మంచి ఉంది. పసుపుకు అదీ లేదు.

"నీలం బండి తిరుగుతుండగా షెడ్డులోకి ఎందుకొచ్చావు?" అంది కత్తెరమ్మ.

"నేనా? రాలేదండీ."

"నీ బూటు అచ్చు టైర్ల వరస వెనకాల ఎలా ఉంది? బూటుకు కాళ్ళొచ్చాయా?"

అచ్చు గిచ్చు ఏమీ లేదు. అతను నీళ్ళు నమిలాడు. ఆవిడకు అంతే కావాలి.

"వచ్చానండీ. ఊరికే, ఎర్రవి ఎవరివో టేపు కొంచెం ఎత్తి చూద్దామని. చూసి వెళ్ళిపోయాను."

"జేబులో బ్లేడుతో."

"అయ్యో, అమ్మతోడండీ! అయిపోయిన టైర్లు కదా, కోసి నాకేం లాభం?"

"నాలుగో రౌండులో తెలిసేది లాభం."

"నాలుగో రౌండేంటండీ?" అన్నాడు అతను వెర్రిమొహం వేసుకుని.

ఆ వెర్రిమొహం నటన కాదని ఎక్కడో ఒక మూల ఆమెకు తోచింది. తోచినదాన్ని పక్కకు నెట్టేసింది. చౌక సరుకు అమ్మేవాడికి ఆ మొహం పుట్టుకతోనే వస్తుందనుకుంది.

"అనుమానం సరే మేడం, రుజువేది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "షెడ్డులోకి వచ్చినవాళ్ళందరినీ లోపలేస్తే ఈ కానిస్టేబుళ్ళను కూడా వెయ్యాలి."

"రుజువు కావాలా? ఇప్పుడే ఇస్తాను. చిన్నోడా, లే. నిన్న ఈ టైరు రెండోసారి ఎక్కించేముందు ఏమేం చేశావో వరసగా చెప్పు. వీళ్ళకి నిర్లక్ష్యమంటే ఏంటో తెలియాలి."

తమ్ముడు లేవలేదు. "ఎందుకక్కా ఇవన్నీ. వాళ్ళు రాసింది రాసుకోనీ."

"చెప్పరా!"

"పైపుతో కడిగాను. లోపలా బయటా. ఎండిన బురదంతా కరిగి పోయేదాకా. తర్వాత గుడ్డతో తుడిచాను. అంచులకి సబ్బు రాశాను. ఎక్కించాను." "మాస్టారు గేజి పెట్టి గాలి ఆయనే చూసుకున్నారు."

"విన్నారా ఆ ఓపిక? మీ జీపు ఎప్పుడైనా అలా కడిగారా?" కత్తెరమ్మకు ఉత్సాహం వచ్చేసింది. వేలు ఎత్తి, బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "ఇప్పుడు వినండి. ఈ మహానుభావుడు షెడ్డులోకి వచ్చింది నీలం బండి తిరుగుతుండగా. అప్పుడు కోసి ఉంటే, ఆ కోత మీదే తర్వాత మావాడు పైపు పెట్టాడు. ఎర్రటి బురదనీళ్ళు కోతలోకి దిగి ఉండాలి. రబ్బరు లోపల దారాలుంటాయి. నీళ్ళు పీల్చుకుంటే వాటి రంగు మారుతుంది, ఎంత తుడిచినా పోదు. కోతలో దారాలు ఎర్రగా ఉంటే వీడు కోశాడు. టార్చి పట్టుకోండి, ఆ మాత్రం చెయ్యగలరు కదా."

ఇన్‌స్పెక్టర్ టార్చి పట్టుకున్నాడు. కత్తెరమ్మ రెండు బొటనవేళ్ళతో కోతను విడదీసింది.

దారాలు తెల్లగా ఉన్నాయి.

ఇప్పుడే కండె నుంచి తీసినంత తెల్లగా ఉన్నాయి. వాటి మీద, కోత అంచుల మీద, పలుచగా ఎండిన పొర ఉంది. ఆమె గోటితో గీకింది. పొర పొడిలా రాలి వేలికి నున్నగా అంటుకుంది.

ఆమె బుర్ర ఎప్పుడూ నోటికంటే ముందుండేది. ఇప్పుడు కూడా ముందే ఉంది. ఆ బుర్రను అప్పటికప్పుడు ఆపేయగలిగితే ఎంత బాగుండునో అనిపించింది. కడగక ముందు కోసింది కాదు. తుడవక ముందు కోసింది కాదు. సబ్బు చేతికి అంటుకున్నాక, టైరు రిమ్ము మీదికి ఎక్కేలోపు ఉన్న ఆ కాస్త సందులో కోసింది. అప్పుడు ఈ టైరు ఒక్క మనిషి చేతుల్లోనే ఉంది.

ఇన్‌స్పెక్టర్‌కు ఇంకా అందలేదు. "తెల్లగా ఉన్నాయే," అన్నాడు. "అంటే మేనేజరు కాదా? మరి ఈ పొర ఏంటి మేడం?"

చెప్పకపోతే చాలు. సున్నమనొచ్చు, బూజనొచ్చు, ఎక్కడైనా అంటుకుంటుందని చేతులు దులుపుకోవచ్చు. ఈ మొద్దు మనిషి నమ్ముతాడు, సాయంత్రానికి కాగితం మీద 'నిర్లక్ష్యం' అని రాసుకుంటాడు, తమ్ముడు ఇంటికి వస్తాడు. పొద్దున్న ఆమె చీదరించుకుని సంతకం పెట్టని కాగితం అదే. ఇప్పుడు దానికోసం ఎవరి కాళ్ళైనా పట్టుకునేదే.

"ఏంటి మేడం?" అన్నాడు మళ్ళీ.

కత్తెరమ్మ నోట మాట రాకపోవడం ఆ షెడ్డులో ఉన్నవాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు. కుర్చీలో ఉన్న మాస్టారి భార్య కూడా తలెత్తి చూసింది.

"సబ్బు," అన్నాడు తమ్ముడు.

వాడు లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ మధ్య నుంచి చేతులు బయటికి వచ్చాయి.

"కొంచెమే గీశానక్కా. వాలు ఎక్కేటప్పుడు గాలి మెల్లగా దిగుతుంది, ఎర్రది పొద్దుటంత బాగా ఎక్కలేదని మాస్టారు అనుకుంటారు, ఆ రోజు పరీక్ష మొత్తం కొట్టేస్తారు అనుకున్నా. గాలి తగ్గించి ఎక్కిస్తే గేజిలో పట్టేసేవారు. అందుకే లోపల గీశాను. పేలుతుందనుకోలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అని ఎరగరు."

"ఎందుకురా?" ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు.

"నా షాపు నిండా ఆ పసుపు కంపెనీవే ఉన్నాయక్కా, టేపు వేసినా గుబ్బలు చూసి పోల్చుకున్నా. కిందా మీదా, అటక మీద కూడా. నిన్న బురదలో అది ఆగిపోయినప్పుడే నా పని అయిపోయింది. ఆ మార్కులు అచ్చయితే ఒక్కటీ అమ్ముడుపోదు." వాడు చేతులు చూసుకున్నాడు. "నీకు చెబుదామనే అనుకున్నా. నువ్వు ఎప్పుడూ షాపుకి రాలేదు కదా."

మాస్టారి భార్య చేతిలోని గేజి కింద పడింది. ఎవరూ తీయలేదు.

ఇన్‌స్పెక్టర్ టార్చి ఆర్పాడు. బల్ల దగ్గరికి వెళ్ళి, పొద్దుటి కాగితం పక్కన పెట్టి, కొత్తది తీసుకున్నాడు. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న కుర్చీని ఆమె కోసం కొంచెం ముందుకు జరిపాడు.

"కూర్చోండి మేడం," అన్నాడు. "ఆ కడగడం, తుడవడం, సబ్బు సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పండి. నెమ్మదిగా చెప్పండి, తొందరేం లేదు. సాక్షిగా మీ పేరే రాయాలి."

అతని గొంతులో ఎంత వెతికినా వెటకారం లేదు. కాస్త ఉండి ఉంటే ఆమె తట్టుకునేది.